ఫలితం రాయకు, మరదలా

డ్రైవర్ల విశ్రాంతి గది,
బస్సు డిపో

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇంతటితో మర్యాదలు అయిపోయాయి, ఇక అసలు సంగతికి వస్తాను.

మా డిపోలో పనయ్యాక పోకర్ ఆడతారని మీకు తెలుసు. డబ్బు ఊసు లేదు, ప్లాస్టిక్ బిళ్ళలే. డబ్బు మాటెత్తినవాణ్ణి మా టైమ్‌కీపర్ బల్ల దగ్గరికే రానివ్వడు. ఏడాదికోసారి పనిచోట్ల మధ్య పోటీ జరుగుతుంది, చోటుకి నలుగురు. పోయినసారి ఆ నలుగురిలో నేనొకదాన్ని. ఎలా వచ్చానో కూడా చెబుతాను, చదివి నవ్వుకోండి.

ఒక్కొక్కరి చేతిలో రెండు మూసిన ముక్కలు, బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా అయిదు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. ఇది మీకు కొత్త కాదు. జట్టుని ఎంచుకునే రోజు నా చేతిలో రెండు తొమ్మిదులు. ఊపులో ఉన్న బిళ్ళలన్నీ తోసేశాను. మెకానిక్ సరేనని రెండు రాజుల్ని తిప్పి చూపించాడు. నాలుగు ముక్కలు పడేసరికి నా పని అయిపోయినట్టే. మిగిలిన నలభై నాలుగు ముక్కల్లో నన్ను కాపాడేవి రెండే. ఆఖరి ముక్క తొమ్మిది! ఎగిరి గంతేశాను. జట్టులోకి తీసుకున్నారు. అసలు పోటీలో అందరికంటే ముందు నేనే లేచి ఇంటికొచ్చాను.

అప్పటినుంచి నా పేరు లాటరీ. నా లాకర్ మీద అట్టముక్క మీద రాసి అంటించారు. అదీ ఓర్చుకునేదాన్ని వదినా. కానీ ఇప్పుడు నేనేం చేసినా లాటరీయే. కొత్త బండి ఇస్తే లాటరీ తగిలింది. ఇరుకు షెడ్డులోకి బండిని అద్దాలు తగలకుండా వెనక్కి తీస్తే, "లాటరీ కదా, పట్టేస్తుందిలే" అంటారు. ఈ డిపోలో స్టీరింగ్ పట్టిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ పనిని నేను నేర్చుకున్నాను, నాకెవరూ చీటీ తీసి ఇవ్వలేదు.

వచ్చే పోటీకి మళ్ళీ ఆ నలుగురిలో ఉండాలి, ఈసారి ఆడి ఉండాలి. మీ కొండ మీద మీకంటే బాగా ఆడేవాళ్ళు లేరని మీ తమ్ముడు గొప్పలు పోతారు. నేర్పండి.

మీ లాటరీ మరదలు


వాతావరణ కేంద్రం,
కొండ మీద

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

మా తమ్ముడు గొప్పలు పోవడంలో తప్పేముంది? నిజమే చెప్పాడు. అయితే ఇక్కడ ఉన్నదే ముగ్గురం, అందులో ఒకరు ఎప్పుడూ డ్యూటీలో ఉంటారు. ముగ్గురిలో మొనగత్తెనని చెప్పుకోవడం నాకే సిగ్గుగా ఉంటుంది. నలుగురుంటే మేమూ పోటీకి వచ్చేవాళ్ళం.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. రేపు వాన పడే అవకాశం ముప్పై శాతం అంటాను. పడితే "పడదన్నావుగా" అని తిడతారు. పడకపోతే "గొడుగు మోయించావు" అని తిడతారు. ఇన్నేళ్ళు రెండువైపులా తిట్లు తిని నేర్చుకున్నది ఒక్కటే. నేను చెప్పింది సరైనదో కాదో మర్నాటి వాన తేల్చదు. అలా పది రోజులు చెప్తే మూడు రోజులు పడాలి, అప్పుడే నా లెక్క సరైనది. పేకకీ అదే న్యాయం. ఆ రోజు నీ తొమ్మిదికి నువ్వు గంతేశావు చూడు, అక్కడే నీ చదువు చెడింది.

నేర్పుతాను. కానీ ఫోన్ చెయ్యకు. నీ గొంతు నాకు తెలుసు, "వదినా" అనగానే గెలిచావో ఓడావో చెప్పేస్తుంది. అది తెలిశాక నీ ఆటని నేను న్యాయంగా చూడలేను. గెలిచినవాళ్ళ తప్పులు ఎవరికీ కనపడవు, ఓడినవాళ్ళ ఒప్పులూ కనపడవు. అందుకని ఉత్తరం రాయి. వారానికి ఒక్క ఆట. నిన్ను ఏడిపించిన ఆట కాదు, తికమకపెట్టిన ఆట. నువ్వు ఏం చేశావో, ఎందుకు చేశావో రాసి అక్కడ ఆపెయ్యి. ఫలితం రాయకు.

పొద్దున బండెక్కేముందు పేక కలిపి రెండు ముక్కలు చేతిలోకి, నాలుగు బల్ల మీదికి తీసుకో. నాకు పనికొచ్చే ముక్కలు ఇంకా ఎన్ని మిగిలాయి అని నిన్ను నువ్వే అడుగు. పైకి చెప్పు, తర్వాత ఎంచు. టీ చల్లారేలోపు ఎన్నిసార్లయితే అన్నిసార్లు చాలు. సాయంత్రం ఆటలు వారానికి రెండే. ఒక రోజు పేక ముట్టుకోకు. స్టీరింగ్ మీద చెయ్యి ఉండగా పేకముక్క గుర్తొచ్చిందో, ఆ రోజుతో మన చదువు బంద్. నీ వెనక యాభై మంది కూర్చుని ఉంటారు.

మీ వదిన


ఇంట్లో,
వంటగది బల్ల మీద

వదినకి,

మీరు చెప్పినట్టే చేశాను. కాస్త ఎక్కువ చేశాను. రెండు సాయంత్రాలన్నారు, నేను ప్రతి సాయంత్రం ఆడాను. సెలవురోజున మీ తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ముక్కలు పంచాను. ఆయన పేపరు చదువుతూ ఆడతారు. నేను బిళ్ళలు పెంచితే "కానీ" అంటారు, తగ్గించినా "కానీ" అంటారు. చివరికి ఆయనే గెలుస్తారు. ఇదెక్కడి చోద్యం!

ఒక ఆట రాయమన్నారు, నాలుగు పంపుతున్నాను. మొదటిదాంట్లో నా చేతిలో రెండు ఆసులు. ఎంత బాగా ఆడానో మీరే చూడండి. ఇంతకంటే రాయను, రాస్తే సిరా కన్నీళ్ళకి అలుక్కుపోతుంది. రెండోదాంట్లో టైమ్‌కీపర్ ఏం పట్టుకుని ఉన్నాడో చెప్తే మీరు నమ్మరు, అందుకే చెప్పడం లేదు. మూడోది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది. నాలుగోది అన్యాయం.

ఫలితం ఎక్కడా రాయలేదు, గమనించగలరు.

మీ మరదలు


వాతావరణ కేంద్రం

మరదలా,

గమనించాను. నాలుగూ ఓడావు. నువ్వు రాసినవి చదువు ఉత్తరాలు కావు, పరామర్శకి రమ్మని పంపిన కబుర్లు.

పిండి కొద్దీ రొట్టె. పొద్దంతా బండి నడిపి వచ్చిన తలలో ఎంత పిండి మిగులుతుంది? ప్రతి సాయంత్రం ఆడితే ఆట పెరగదు, ఆవులింతలు పెరుగుతాయి. నేను చెప్పినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది పేక ముట్టుకోని రోజు. దాన్నే నువ్వు ఎగ్గొట్టావు.

ఈసారి నువ్వు గెలిచిన ఆట రాయి. గెలిచావని చెప్పడానికి ఈ ఒక్కసారికి అనుమతి ఇస్తున్నాను. గెలిచి కూడా తప్పు ఆడిన ఆట కావాలి. అలాంటిది లేదంటావా, అయితే నీకు నా అవసరం లేదు.

వదిన


డిపో

వదినగారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. నాకు ఇంట్లో ఉన్న పూర్తిమొగుడు చాలు.

ఓడితే ఏడవకూడదు, గెలిస్తే తప్పులు వెతుక్కోవాలి. మరి సంతోషపడేది ఎప్పుడండీ? ఇక్కడ రోజంతా వినే మాటే మీరూ అంటున్నారు, కాస్త చదువుకున్న భాషలో. నేను గెలిస్తే అది నా గొప్ప కాదని.

ప్రస్తుతానికి పేక అటకెక్కించాను.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య


డిపో విశ్రాంతి గది,
చాలా రోజుల తర్వాత

వదినకి,

మీరు జవాబు రాయలేదు. రాసి ఉంటే ఇంకో రెండు వాక్యాలు తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని. రాయకపోయేసరికి ఆలోచించాల్సి వచ్చింది.

ఇదిగో మీరడిగిన ఆట. బల్ల మీద అయిదు ముక్కలూ పడ్డాయి. నా చేతిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, ఒక్క జత కూడా లేదు. ఎదురుగా మా కండక్టర్. నేను వదిలెయ్యబోతున్నాను. ఆయన పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "ఉండండ్రా, లాటరీ ఆలోచిస్తోంది" అన్నాడు. అంతే, నా ముందున్న బిళ్ళలన్నీ మధ్యకి తోశాను. ఆయన భయపడి మంచి ముక్కలు పడేశాడు. నేను గెలిచాను. అందరూ "అబ్బ, ఏం గుండె!" అన్నారు. వారం రోజులు ఆ మాట తలుచుకుని మురిసిపోయాను.

గుండె కాదు వదినా, ఒళ్ళుమంట. ఆయన దగ్గర ఏముందో నేను ఊహించలేదు, లెక్క కట్టలేదు, బల్ల మీద ముక్కలు కూడా సరిగ్గా చూడలేదు. ఆ పేరు చెవిన పడగానే చేతులు వాటంతటవే పనిచేశాయి. ఆయన సరేనని ఉంటే నేను అక్కడే ఖాళీ.

ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

మీ మరదలు


వాతావరణ కేంద్రం

నా బంగారు మరదలికి,

ఆ మూడు కాగితాలూ పంపి ఉంటే అవి కూడా దాచుకునేదాన్ని. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళే ఈ బల్లల చుట్టూ నిండా ఉంటారు. గెలిచిన ఆటని తిప్పి చూసి నాలుగో కాలు నువ్వే వెతికావు. నాకు ఎంత గర్వంగా ఉందో చెబితే నెత్తికెక్కుతావు. అయినా చెబుతున్నాను, ఎక్కు.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఇస్తాను. సంతోషపడేది ఎప్పుడంటే, సరిగ్గా ఆలోచించిన క్షణంలో, ముక్క తిరగకముందు. ఆ తర్వాత వచ్చేది వానో ఎండో, దాని మీద మన పెత్తనం లేదు.

ఒళ్ళుమంటకి మందు ఇది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, బిళ్ళల మీద చెయ్యి వెయ్యకముందు బల్ల మీది ముక్కల్ని ఎడమనుంచి కుడికి ఒకసారి మనసులో చదువు. పేరు పాతది, ముక్కలు కొత్తవి. నేను పై అధికారి తిట్టినప్పుడల్లా గాలి వేగం, తేమ, పీడనం వరసగా చదువుకుంటాను. ముఖం మీద ఏమీ కనపడదట, ఆయనే అంటాడు.

వదిన


డిపో

వదినకి,

మందు పనిచేస్తోంది. కండక్టర్ మొన్న ఆ పేరు మూడుసార్లు వాడి చూశాడు. నేను మూడుసార్లు ముక్కలు చదువుకున్నాను. "ఏంటీ, చెవుడా?" అన్నాడు పాపం.

పొద్దుటి టీ చదువు గాడిన పడింది. ఇప్పుడు ముక్కలు ఎంచకముందే లెక్క నోటికి వచ్చేస్తోంది. ఆదివారాలు పేక మీ తమ్ముడి బీరువాలో ఉంటుంది, తాళం ఆయన దగ్గర. ఇంకో వార్త. టైమ్‌కీపర్ ఈసారి ఒక్క రోజు ఆట చూసి జట్టు కట్టనన్నాడు, వరసగా రెండు నెలల ఆటలు చూస్తాడట. గాలివాటానికి చోటు ఉండకూడదన్నాడు, నన్ను చూస్తూనే. నాకూ అదే కావాలి అన్నాను.

ఈ వారం ఆట. నా చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఆరు. బల్ల మీద నాలుగు ముక్కలు పడ్డాయి, అందులో రెండు ఇస్పేట్లు. ఇంకొక్క ఇస్పేటు పడితే అయిదూ ఒకే రంగు, నన్ను కొట్టేవాడు లేడు. పడకపోతే నా దగ్గర ఏమీ లేదు. మధ్యలో అరవై బిళ్ళలు ఉన్నాయి. మెకానిక్ ఇంకో అరవై పెట్టాడు. నేను ఉండాలంటే అరవై పెట్టాలి.

వదిలేశాను. ఇక్కడ ఆపుతున్నాను. ఈసారి సిరా అలుక్కుపోలేదు, చూడండి.

మీ మరదలు


వాతావరణ కేంద్రం

మరదలా,

శభాష్. నీకు కనపడని ముక్కలు నలభై ఆరు, అందులో ఇస్పేట్లు తొమ్మిది. అంటే అయిదుసార్లకి ఒకసారి పడుతుంది. నూట ఇరవై కోసం అరవై పెట్టాలంటే మూడుసార్లకి ఒకసారైనా పడాలి. వదలడమే న్యాయం. నేనైనా అదే చేసేదాన్ని, నీ అంత తొందరగా చేసేదాన్ని కాదేమో.

ఆ ఇస్పేటు నాలుగు చూసి కడుపు మండే ఉంటుంది. మండనీ. అలాంటివి నూరు ఆటలు ఆడితే చివరికి మిగిలేది నువ్వే.

ఇక్కడ మంచు మొదలైంది. కొత్తగా ఒక కుర్ర శాస్త్రవేత్త బదిలీ మీద వచ్చింది. చలికి రెండు జతల మేజోళ్ళు వేసుకుని తిరుగుతోంది, పేక అంటే చెవి కోసుకుంటుంది.

వదిన


ఇంట్లో

వదినకి,

మీ ఉత్తరం బస్సులో కాదు, దిగాకే చదివాను. ఒకసారి చదివి మడిచేశాను. మళ్ళీ విప్పాను.

ఏ ఇస్పేటు నాలుగు?

నేను నాలుగో ముక్క దగ్గర ఆపాను. నేను వదిలేశాక మెకానిక్ నన్ను ఉడికించడానికి పేకలో పైముక్క తిప్పి చూపించిన మాట నిజమే. అది ఇస్పేటు నాలుగన్న మాటా నిజమే. గదంతా గొల్లున నవ్విన మాటా నిజమే. కానీ అదేదీ నేను మీకు రాయలేదు. ఆ మాట నేను చెప్పింది ఒకే ఒక్క మనిషికి, అన్నం తింటూ.

ఆయన్ని ఏమీ అడగలేదు. పేక తీసి, ఎదురుగా కూర్చుని, ముక్కలు పంచి, మాట్లాడకుండా చూశాను. మీ తమ్ముడు పేపరు తలకిందులుగా పట్టుకున్నారు. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి ఫోన్ పట్టుకున్నట్టు చూపించాను. "అక్కే అడిగింది!" అని ఒక్క అరుపు అరిచారు. ప్రతి ఆదివారం, నేను నిద్రపోతున్న మధ్యాహ్నం పూట!

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? మీరే పెట్టారు రూలు. ఫలితం తెలిస్తే న్యాయంగా చూడలేనని మీరే రాశారు, మీ ఉత్తరం నా దగ్గరే ఉంది. మరి ఇన్ని వారాలు మీరు శభాష్ అన్నది నా ఆటనా, మీ తమ్ముడు చెప్పిన కథనా?

కోపం లేదని అనను. కానీ నిజం చెప్పాలంటే, అది కనిపెట్టినప్పటినుంచి ఇల్లంతా పాడుకుంటూ తిరుగుతున్నాను.

మీ మరదలు


వాతావరణ కేంద్రం

మరదలా,

పట్టేశావు.

కావాలనే రాశాను, నిన్ను పరీక్షించాను అని ఒక అబద్ధం చేతికి అందేంత దూరంలో ఉంది. ఆడను. నోరు జారాను. కుతూహలం ఆపుకోలేకపోయాను. వానలు లెక్కకట్టే మనిషి కిటికీలోంచి తొంగిచూడకుండా ఉండగలదా? కానీ ఉండాలి. ఉండాలని నీకు చెప్పిన నోరు ఇది.

నేను శభాష్ అన్నది నీ ఆటనా అని అడిగావు. ఇస్పేట్ల ఆటలో లెక్క ఎవరు చూసినా ఒక్కటే, దాన్ని అనుమానించకు. మిగతావాటికి నేను పూచీ పడలేను. ఆ రూలు ఎందుకు ఉండాలో నేనే రుజువు చేశాను.

కాని ఇది విను. నా ఎదురుగా కూర్చుని ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళెవరూ నా ముఖంలో ఏదీ చదవలేకపోయారు. నువ్వు ముఖం కూడా చూడకుండా, ఒక్క వాక్యంలోంచి నా చేతిలో ముక్క చెప్పావు. సిగ్గుగా ఉంది, గర్వంగా కూడా ఉంది. గర్వమే ఎక్కువ.

తమ్ముడి ఫోన్ ఇక ఎత్తను. పోటీ అయ్యేదాకా వాడికి అక్క లేదని చెప్పు.

వదిన


డిపో

వదినకి,

రెండు నెలల ఆటలు చూసి టైమ్‌కీపర్ జట్టు చదివాడు. రెండో పేరు నాది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నవ్వలేదు కూడా. "లాటరీ" అని ఒకరు గొణిగారు, అలవాటు కొద్దీ.

పోటీ నిన్న అయిపోయింది. చివరి బల్ల దగ్గర మేము నలుగురం, ఆసుపత్రి వాళ్ళు నలుగురు. ఒక్కొక్కరే లేచిపోగా మిగిలింది ఇద్దరం. ఆసుపత్రి పళ్ళ డాక్టరమ్మ, నేను. చివరికి మిగిలిన మనిషి జట్టుకే బహుమతి డాలు.

ఆమెని మొదటినుంచీ గమనిస్తూనే ఉన్నాను. మంచి ముక్కలు ఉంటే నెమ్మదిగా, చిన్న చిన్నగా పెడుతుంది, "నొప్పి ఉండదండీ" అన్నట్టు. ఇంకో ముక్క కోసం ఎదురుచూస్తుంటే మాత్రం ఒక్కసారిగా పెద్దగా పెట్టి భయపెడుతుంది.

నా చేతిలో కళావరు ఆసు, డైమను రాణి. బల్ల మీద ఆఠీను రాణి, ఆఠీను ఎనిమిది, ఇస్పేటు మూడు, కళావరు రెండు. అంటే నాకు రాణుల జత ఉంది. డాక్టరమ్మ తన బిళ్ళలన్నీ ఒక్కసారిగా తోసింది. ఇద్దరి దగ్గరా ఇంచుమించు సమానం. నేను సరేనంటే ఈ ఆటతో తేలిపోతుంది. వదిలేస్తే నష్టం కొంచెమే, ఇంకా ఆడుకోవచ్చు. ఆ పేరు మావాళ్ళ నోట విన్నట్టుంది, ఆమె నవ్వి, "ఏమంటారు లాటరీ గారూ?" అంది. వెనక మావాళ్ళందరూ నిలబడి ఉన్నారు.

ఎడమనుంచి కుడికి చదివాను. రాణి, ఎనిమిది, మూడు, రెండు. పేరు పాతది, ముక్కలు కొత్తవి. నాకంటే మంచి ముక్కలుంటే ఈవిడ ఇంత గట్టిగా తొయ్యదు. రెండు ఆఠీన్లు పట్టుకుని మూడోదాని కోసం చూస్తోంది. అలా అయితే తొమ్మిది ముక్కలు ఆమెవి, మిగతావన్నీ నావి.

సరే అన్నాను. ఒళ్ళుమంట లేదు.

ఇక్కడ ఆపుతున్నాను. తర్వాత ఏమైందో దీంతోపాటు పంపిన, అంటించిన కవరులో ఉంది. మీ జవాబు రాసి, పోస్టు డబ్బాలో వేసి, అప్పుడు విప్పండి. మీ తమ్ముణ్ణి వారం రోజుల పాటు ఫోన్‌కి దూరంగా పెడుతున్నాను. వదినా, ఈసారి మీ వంతు.

మీ మరదలు


వాతావరణ కేంద్రం

మరదలా,

కవరు నా ఎదురుగా ఉంది. దాని మీద వాన కొలిచే గాజు గొట్టం బరువుగా పెట్టాను. పొద్దుటినుంచి నాలుగుసార్లు దాన్ని లైటుకి ఎత్తి చూడబోయాను. చూడలేదు. ప్రమాణం అక్కర్లేదు, నా రాత చూస్తే నీకు తెలుస్తుంది.

నువ్వు చేసింది సరైనదే. నూటికి నూరుపాళ్ళు. ఆమె ఆఠీన్ల కోసం చూస్తోందన్నావు. నిజమైతే అయిదింట నాలుగుసార్లు నువ్వే. నీ ఊహ తప్పే అయినా, అలా ఊహించడానికి నీ దగ్గర సాయంత్రమంతా పోగేసిన కారణం ఉంది. నేనైతే? చెప్పేస్తాను. నేను వదిలేసేదాన్ని. డాలు, వెనక జనం, కొంచెమే నష్టం, ఇంకా ఆడుకోవచ్చు కదా అని. తర్వాత ఆ పిరికితనానికి జాగ్రత్త అని పేరు పెట్టుకునేదాన్ని. కూర్చుని ఆలోచిస్తే నీ ఆటే ఒప్పు. నా మరదలు నన్ను దాటిపోయింది, గెలిచిందో ఓడిందో నాకు తెలియదు.

ఈ ఉత్తరం ఇప్పుడే తీసుకెళ్ళి డబ్బాలో వేస్తున్నాను. మనసు మారకముందే.

వదిన


(అంటించిన కవరులోది)

వదినకి,

పోస్టు చేశారా? నిజంగా? అయితే చదవండి.

డాక్టరమ్మ ఆఠీను జాకీ, ఆఠీను ఏడు తిప్పింది. నేను చదివింది చదివినట్టే ఉంది. మావాళ్ళందరూ "ఓహో" అన్నారు. టైమ్‌కీపర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. మీరన్న ఆ క్షణం, ముక్క తిరగకముందు, నేను సంతోషపడ్డాను వదినా. కడుపు నిండా సంతోషపడ్డాను.

ఆఖరి ముక్క ఆఠీను తొమ్మిది. ఓడిపోయాం.

డాక్టరమ్మ లేచి నాకు చెయ్యి ఇచ్చింది. "ఇవాళ లాటరీ నాకు తగిలిందండీ" అంది. నాకు ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది, పాత తొమ్మిది అప్పు ఇలా తీర్చుకుందా అని.

ఇవాళ పొద్దున డిపోకి వెళ్తే నా లాకర్ మీద అట్టముక్క లేదు. జిగురు మరక ఒక్కటే ఉంది. ఎవరు తీశారని అడిగాను. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "అది ఆసుపత్రి వాళ్ళదంట కదా, పంపించేశాం" అన్నాడు. తర్వాత నేను బండిని ఇరుకు షెడ్డులోకి వెనక్కి తీస్తుంటే నిలబడి చూశాడు. దిగాక, "బాగా తీశావ్" అన్నాడు. నవ్విన నాపచేనే పండిందనుకున్నాను, పైకి మాత్రం అనలేదు.

కొత్త పేరేమీ అంటించలేదు. లాకర్ ఖాళీగా ఉంది, చూడ్డానికి ఎంత బాగుందో.

మీ మరదలు


వాతావరణ కేంద్రం

నా మరదలికి,

డబ్బాలో ఉత్తరం పడ్డ చప్పుడు విన్నాక, అక్కడే రోడ్డు మీద నిలబడి కవరు చించాను. ఓడిపోయాం అన్న చోట నేను "భళా!" అని అరిచాను. పక్కన పోతున్న పోస్టుమాన్ సైకిల్ ఆపి, "శుభవార్తా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. మా మరదలు ఓడిపోయింది, ఎంత గొప్పగా ఓడిందో తెలుసా అని ఆఠీను తొమ్మిది దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. మా కేంద్రంలో ముగ్గురికీ చెప్పాను, వాళ్ళకి అర్థమైంది. మేజోళ్ళ పిల్ల లేచి నిలబడింది.

అన్నట్టు, కేంద్రానికి తిరిగొచ్చే దారిలో వాన. పొద్దున నేనే ముప్పై శాతం అని రాశాను, గొడుగు తీసుకెళ్ళలేదు. తడిసి ముద్దయ్యాను. నా లెక్క సరైనదే.

ఇప్పుడు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మేజోళ్ళ పిల్ల రాకతో మేము నలుగురమయ్యాం. వచ్చే ఏడాది పోటీకి పేర్లు ఇచ్చేశాం, మొదటి పేరు నాది. నువ్వు చివరి బల్లదాకా వస్తావని నాకు తెలుసు. నేనూ అక్కడికే వస్తాను.

కాబట్టి నాకు ఉత్తరాలు రాస్తూ ఉండు. నీ బండి గురించి రాయి, ఇంటి సంగతులు రాయి, మా తమ్ముడు కళ్ళజోడు ఎక్కడ పోగొట్టుకున్నాడో రాయి. పేకముక్కల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయకు. ఎదురుగా కూర్చోబోయే మనిషికి చేతిలో ముక్కలు ఎవరైనా చూపిస్తారా?

నీ వదిన